అందరూ ఒప్పుకున్నా మళ్లీ అడిగిన ఆచార్యులు

1989వ సంవత్సరం జూలై మూడవ తేదీన మనస్తత్వశాస్త్ర విభాగంలో ఉపన్యాసకురాలిగా చేరిన నాడు, నేడు పదవీ విరమణ చేస్తున్న మా ఆచార్యులవారు తమకు కేటాయించిన కుర్చీలో పట్టుమని పది నిమిషాలైనా కూర్చోలేదని ఆనాటి సహోద్యోగులు నేటికీ చెప్పుకుంటారు. నడుస్తూ ఆలోచించడం, ఎదుటివారి మాట ముగియకముందే "ఒక్క నిమిషం" అని చెయ్యెత్తడం వారి సహజ లక్షణాలు. విద్యార్థులు ముచ్చటపడీ, తోటి ఆచార్యులు విసుక్కునీ పిలిచిన "ఒక్క నిమిషం మేడమ్" అన్న పేరు ఈ ప్రాంగణంలో అలాగే స్థిరపడిపోయింది.

సహాచార్యులుగా, ఆచార్యులుగా క్రమోన్నతి పొందిన అనంతరం, మనుషులపై జరిపే పరిశోధనలను ముందుగా పరిశీలించి అనుమతించే ఎథిక్స్ కమిటీకి వారు కార్యదర్శి అయ్యారు. ఎవరికీ అక్కరలేని పదవి అది. లిఫ్టు పక్కన కిటికీ లేని గది, పాత ప్రొజెక్టర్లు సగం ఆక్రమించిన బల్ల. "పరిశోధన చేసేది మేమా, ఈవిడా?" అని రుసరుసలాడిన పెద్దలే, తమ ఇంట్లోవాళ్లను ఎవరైనా పరిశోధన పరీక్షలకు పిలిస్తే మొట్టమొదట ఫోన్ చేసేది వారికే.

ఆ రోజుల్లో ఒక పరిశోధక విద్యార్థిని వృద్ధుల జ్ఞాపకశక్తిపై అధ్యయనం తలపెట్టింది. వృద్ధాశ్రమానికి వెళ్లి, అక్కడివారి తలకు తీగలున్న టోపీ తొడిగి, మెదడు సంకేతాలు నమోదు చేయాలి. ప్రమాదమేమీ లేదు. కమిటీ ఏకగ్రీవంగా ఆమోదించింది, మేడమ్ కూడా సమ్మతిగా చెయ్యెత్తారు. ఆశ్రమంలో ఒక్కరూ కాదనకుండా సంతకాలు పెట్టారు. సరిగ్గా అదే మేడమ్‌ను కుదురుగా ఉండనివ్వలేదు.

"ఇంతమందిని అడిగితే ఒక్కరైనా విసుక్కోరా?" అంటూ ఇంట్లో అటూ ఇటూ తిరుగుతుంటే, భర్తగారు నవ్వి, "మనింట్లో కాఫీ కావాలా అంటేనే నలుగురూ నాలుగు మాటలంటారు. వెళ్లి చూసిరా, లేకపోతే ఈ నేల అరిగిపోతుంది" అన్నారట.

వెళ్లారు. హాల్లో ఓ మూల, ఒకప్పటి కుట్టుపని టీచరమ్మ ఒంటరిగా కూర్చుని ఉన్నారు.

"ఆ అమ్మాయి చేసే పరీక్ష మీకేమైనా ఇబ్బందిగా ఉందా పెద్దమ్మా?"

"అబ్బే, బంగారుతల్లి! వచ్చినప్పుడల్లా గంటసేపు కబుర్లు చెప్తుంది."

"నేనడిగేది పరీక్ష గురించి."

టీచరమ్మ తలుపు వైపు చూసి గొంతు తగ్గించారు. "వద్దంటే ఆ పిల్ల రావడం మానేస్తుందేమో కదమ్మా?"

తిరుగు ప్రయాణంలో బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా వారు నిలబడే వచ్చారు. మర్నాడు అధ్యయనాన్ని నిలిపివేయించారు. ఆ విద్యార్థిని మార్గదర్శక ఆచార్యులు మేడమ్‌తో మాటలు మానేశారు. విద్యార్థిని మాత్రం నేరుగా గదికే వచ్చింది.

"నేనేం తప్పు చేశాను మేడమ్?"

"ఏమీ లేదు. నువ్వు మంచిదానివి కాబట్టే వాళ్లు వద్దనలేకపోతున్నారు."

"నా గడువు అయిపోతుంది. పోయిన కాలం మీ కమిటీ తెచ్చిస్తుందా?"

 గడువు పొడిగింపు కోసం ఆ పిల్ల కంటే ముందు తామే కార్యాలయాల చుట్టూ తిరిగి, సాధించారు. అధ్యయనంలో ఉన్నా లేకపోయినా ఆశ్రమంలో అందరినీ పలకరించడానికి విద్యార్థులు వెళ్లే ఏర్పాటు చేశారు. ఆ తర్వాతే ఆశ్రమవాసులను మళ్లీ అడిగారు.

"మీరు కాదన్నా నేను ఆదివారాలు వస్తాను అమ్మమ్మా" అని విద్యార్థిని ముందుగా టీచరమ్మకు మాటిచ్చింది.

"నిజంగా? అయితే ఆ టోపీ నాకొద్దే. అది పెట్టినప్పుడల్లా భయంతో నోరెండిపోయేది."

"ముందే చెప్పొచ్చు కదా!"

"నువ్వంత ఆశగా అడిగితే ఎలా చెప్పనే?"

ఆ పిల్ల ఒక చేత్తో టీచరమ్మ చేయి పట్టుకుని, రెండో చేత్తో జాబితాలో ఆమె పేరు కొట్టేసింది.

సగానికి సగం మంది తప్పుకున్నారు; అధ్యయనం చిన్నదైంది, పట్టా ఆలస్యమైంది. పట్టా అందుకున్న రోజు ఆ విద్యార్థిని మేడమ్‌కు ఎదురుపడి, పొడిగా పలకరించి, ఆగకుండా వెళ్లిపోయింది. ఆదివారాలు ఆశ్రమానికి వెళ్లడం మాత్రం మానలేదు. మేడమ్ అస్థిమితమూ తగ్గలేదు, పెరిగింది. తాము వెళ్లి చూడకుండా ఆమోదించినవి ఇంకెన్ని ఉన్నాయో అన్న బెంగ పట్టుకుంది. అనుమతి ఇచ్చిన ప్రతి అధ్యయనాన్నీ కమిటీ సభ్యులు స్వయంగా వెళ్లి చూడాలన్న నేటి నియమం ఆ బెంగలోంచి పుట్టినదే.

మొన్న బాధ్యతలు అప్పగిస్తూ కొత్త కార్యదర్శితో వారన్నారు: "అందరూ ఒప్పేసుకున్నారండీ అని ఎవరైనా సంబరంగా చెప్తే, వెంటనే చెప్పులేసుకుని బయల్దేరండి."

పదవీ విరమణ చేస్తున్న ఈ శుభవేళ వారికి నిండైన ఆరోగ్యమూ, నూరేళ్ల ఆయుష్షూ, కుటుంబసభ్యుల నడుమ ఇకనైనా కాస్త స్థిమితమూ లభించాలని మనసారా కోరుకుంటున్నాం. వారు మోసిన ఆ బెంగ మాత్రం ఇక్కడే ఉండిపోవాలనీ, మాలో ఏ ఒక్కరినీ నిశ్చింతగా సంతకం పెట్టనివ్వకూడదనీ మాకు మేము ఆకాంక్షించుకుంటున్నాం.