పద్నాలుగు డిగ్రీలు

“మీరు చెరువు మధ్యలో ఉన్నారు, మాస్టారూ.”

“నా చెప్పులు పొడిగానే ఉన్నాయే.”

“ఫోను అలాగే చూపిస్తోంది.”

“అది చూపించింది కదా అని నేను మునగాలా?”

సాయంత్రం నాలుగున్నర. పార్సిళ్లు పంచే అల్లుడు చెరువుగట్టు మీద బండి ఆపి, ఇయర్‌ఫోన్లో మామగారితో మాట్లాడుతూ చేతిలోని ఫోను వైపు చూస్తున్నాడు. భూగోళం చెప్పి రిటైరైన ఆ మామగారు కాలు మెలిపడి కొండవాలులో ఎక్కడో కూర్చున్నారు. పెళ్లయిన మూడేళ్లలో ఆయన అల్లుడికి ఫోను చేయడం ఇదే మొదలు.

“తేలిక దారి చెప్పనా? మీ లొకేషన్ పంపండి. కింద ఒక గుర్తుంటుంది, దాన్ని నొక్కితే...”

“ఆ గుర్తులూ నొక్కుళ్లూ నాకెందుకు.”

“మీ అమ్మాయి నేర్పానని చెప్పిందే.”

“నేర్పింది. నేను నేర్చుకున్నానని చెప్పిందా?”

“అది చెప్పలేదు.”

“మరి? నా దగ్గర దిక్సూచి ఉంది. కోణాలు మళ్లీ చదువుతాను, వేసుకోండి. ఉత్తరం నుంచి నీళ్ల ట్యాంకు నలభై డిగ్రీలు. సెల్ టవరు మూడువందల పది.”

“అవే వేశాను. కోణాలిస్తే గీతలు గీసే యాప్ కూడా దించుకున్నాను. ట్యాంకు నుంచి ఒకటి, టవరు నుంచి ఒకటి. రెండూ వెళ్లి చెరువులోనే కలుస్తున్నాయి. అక్కడ ఒక బాతు తప్ప ఎవరూ లేరు.”

“దాన్ని అడిగానని చెప్పండి.”

“కాలెలా ఉంది?”

“కాలులాగే ఉంది. కాస్త లావుగా.”

“అంబులెన్సును పిలవనా?”

“వద్దు. అది నేరుగా ఆస్పత్రికి పోతుంది. ఆస్పత్రిలో ఎవరుంటారు?”

“మీ అమ్మాయి.”

“ఒంటరిగా కొండెక్కొద్దని పోయిన వారమే చెప్పింది. నన్ను స్ట్రెచర్ మీద చూసిందంటే మీకూ నాకూ కలిపి ఒకే సూది పొడుస్తుంది.”

“ఆరింటికి డ్యూటీ దిగుతుంది. మనకు గంటన్నరే ఉంది. వెలుతురు కూడా అంతే.”

“అందుకే నన్ను నీళ్లలోంచి బయటికి తీయండి అంటున్నా.”

“ఏమనుకోకండి మాస్టారూ, మీ దిక్సూచి పాడైందేమో.”

“నలభై ఏళ్లుగా ఒకటే దిక్కు చూపిస్తోంది. మీ ఫోను వయసెంత?”

“ఏడాదిన్నర.”

“ఇంకా పాలపళ్లే ఊడలేదు.”

“నా బతుకుతెరువు దీంతోనే. రోజుకు ఎనభై ఇళ్లు దొరుకుతాయి. మీరొక్కరే దొరకరు.”

“మీ ఫోనుకు ఏ ఉత్తరం తెలుసో చూడండి.”

“ఉత్తరాలు ఎన్నుంటాయేంటి?”

“పోస్టులో వచ్చేది వదిలేస్తే, రెండు. సూది చూపించేది ఒకటి. పటంలో నిట్టనిలువుగా ఉండేది ఒకటి. రెంటికీ పడదు.”

“అత్తాకోడళ్లలాగా?”

“అంత దూరం ఎందుకు. మనలాగా.”

“...ఎంత తేడా ఉంటుంది?”

“ఊరిని బట్టి. కొన్నిచోట్ల ఒక డిగ్రీ కూడా ఉండదు. ఈ కొండ నిండా ఇనుపరాయి, ఇక్కడ సూది పద్నాలుగు డిగ్రీలు తూర్పుకు వాలుతుంది.”

“ఉండండి, సెట్టింగుల్లో చూస్తా. ఆ, ‘ట్రూ నార్త్’ అని టిక్కు పెట్టి ఉంది.”

“అంటే పటం ఉత్తరం. నేను చదివేది సూది ఉత్తరం. నేనూ అబద్ధం చెప్పలేదు, మీ ఫోనూ చెప్పలేదు. మధ్యలో తేడా ఎవరూ అడగలేదు, అంతే.”

“పద్నాలుగు కలపాలా, తీసెయ్యాలా?”

“తూర్పుకు వాలితే కలపాలి. మీ అత్తయ్య ఎన్నిసార్లు చెప్పినా తీసేసేది. ఒకసారి ఇద్దరం ఇటుకబట్టీలో తేలాం.”

“అత్తయ్య కూడా కోణాలు చూసేవారా?”

“చూసేవాణ్ని నేను. నేను చదువుతుంటే ఆవిడ పటం మీద గీత గీసేది. ప్రతి ఆదివారం. చదివేవాడు ఒక్కడే ఉంటే లాభం లేదు. సరే, కలపండి.”

“యాభై నాలుగు. మూడువందల ఇరవై నాలుగు. మాస్టారూ, మీరు ఒడ్డెక్కారు.”

“ఎటువైపు?”

“పడమటి గట్టు దాటి, పొదల అవతల వాలు మీద. నడిస్తే పదిహేను నిమిషాలు.”

“బండి అక్కడే పెట్టేసి రా.”

“వస్తున్నా. ఇదేంటి, బాణం ఇటు తిరిగిందేంటి?”

“ఎండ ఎక్కడ పడుతోంది నీకు?”

“వీపు మీద.”

“సాయంత్రం పూట పడమటికి నడిచేవాడికి వీపు మీద ఎండ ఎలా పడుతుంది? నీ ఫోను తొడుగుకు అయస్కాంతం గానీ ఉందా?”

“బండికి అతుక్కుంటుందని కొన్నాను.”

“ఫోనులో ఉన్న సూదికి కూడా అతుక్కుంది. తీసి బండి మీద పెట్టు. జేబులో వేసుకోకు.”

“తీశాను. బాణం బుద్ధిగా తిరిగింది. ఎండ కళ్లలో కొడుతోంది.”

“కొట్టనీ. సరైన దారే.”

కాసేపటికి, ఒక బల్లపరుపు రాయి దగ్గర.

“దొరికారు.”

“ఎనభై ఒకటో ఇల్లు. ఎక్కడ సంతకం పెట్టమంటావు?”

“ముందు కాలు చూపించండి. అబ్బో, నిజంగానే వాచింది.”

“వాపు కూడా అబద్ధమనుకున్నావా?”

“ఈ రాళ్లలోకి అసలు ఎందుకొచ్చారు?”

“మీ అత్తయ్య లెక్క కుదిరిన చోటు ఇదొక్కటే. సరిగ్గా ఈ రాయి మీదికి తీసుకొచ్చింది. ఆరోజు ఆవిడ గర్వం చూడాలి. ఆవిడ పోయి ఏడాదైంది కదా, ఓసారి కూర్చుందామని.”

“నాతో ఒక్క మాటంటే తీసుకొచ్చేవాణ్ని కదా.”

“మూడేళ్లు పలకరించని మనిషిని ఏమని అడగను?”

“నా భుజం పట్టుకోండి. నెమ్మదిగా. ఒక్క నిమిషం, మీ అమ్మాయి మెసేజ్.”

“అదేదో ఇంటికెళ్లాక చదువుదువులే.”

“‘నాన్న నాలుగింటికే లొకేషన్ పంపారు. కాలు కాస్త మెలిపడిందట, మిమ్మల్ని పిలుస్తానన్నారు. పిలిచారా?’”

“పద, పొద్దు వాలుతోంది.”

“నాలుగింటికే.”

“దానికి కడుపులో మాట దాగదు. వాళ్లమ్మ పోలిక.”

“నాకూ పంపొచ్చు కదా, మామయ్యా. అరగంట బాతుతో మాట్లాడించారు.”

“లొకేషన్ పంపితే వచ్చి తీసుకెళ్లేవాడివి అల్లుడూ. మాట్లాడేవాడివా?”