బెల్టు తీసేయమన్నావిడ

హలో… ఆ, నేనేనే, అక్కని. డిపోలో ఉన్నా. బస్సు కదలడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది, చెప్పు.

… నాలుగింటికా? పాపని నేను చూసుకోవాలా? నువ్వెక్కడికి?

… మళ్లీ ఆవిడ దగ్గరికేనా. ఆ ఎముకలు సర్దే ఆవిడ.

… ఆస్టియోపతో ఏదో ఒకటిలే. నోరు తిరగని పేరు పెట్టుకున్నోళ్లందరి మీదా నాకు అనుమానమే.

… చూసుకోనని కాదు. మూడింటికి డ్యూటీ దిగుతా. ముందు నాకు జవాబు చెప్పు. మందు రాసిందా?

… సూది?

… అదీ లేదు. మరి గంటసేపు ఏం చేసింది?

… నడుం మీద చెయ్యి పెట్టి ఊపిరి తీసుకోమందా. పుట్టినప్పటి నుంచీ తీసుకుంటూనే ఉన్నావు కదే, దానికో మనిషి కావాలా?

… నవ్వకు. నవ్వించడానికి అనలేదు. ఆవిడ నంబరు తెచ్చింది మీ ఆయనే కదా? పోయినసారి పాపని ఎత్తుకుని బయట కాపలా కూడా కూర్చున్నాడు. కాన్పయి రెండు నెలలు కాలేదు. పొట్ట తగ్గలేదని ఏమైనా అన్నాడా? నిజం చెప్పు.

… అనలేదు. మరెందుకు తెచ్చాడు?

… ఏంటి? గట్టిగా చెప్పు.

… దగ్గితేనా.

… తుమ్మినా. పాపని ఎత్తుకుని మెట్లెక్కినా.

… ఓస్, దానికా. పిల్లల్ని కన్నాక ఆడదానికి ఆ మాత్రం కారుతుందే. నాకు లేదా? ఎవరికైనా చెప్పుకున్నానా? డ్యూటీ ఎక్కే ముందు నీళ్లు తాగను. సంచిలో ఓ జత బట్టలు పెట్టుకుంటా. ఏ స్టాపు దగ్గర బాత్రూం ఉందో డ్రైవరు కంటే నాకే బాగా తెలుసు.

… ఎప్పట్నుంచంటే, మా వాడు పుట్టిన దగ్గర్నుంచీ. పదకొండేళ్లు.

… అవునే, పదకొండే.

… జాలి పడకు, నాకు నచ్చదు. నేనడిగేది చెప్పు. నేనిచ్చిన పొట్ట బెల్టు ఎందుకు తీసేశావ్?

… ఆవిడ తీసేయమందా. అదీ సంగతి. పదకొండేళ్లు మడత పెట్టి దాచానే నీకోసం. రోజంతా బిగించి ఉంచు, పొద్దున్నే పడుకుని లేవడం యాభై సార్లు చెయ్యి అన్నా. సొంత అక్క మాట తప్పు, ముక్కూమొహం తెలీని ఆవిడ మాట ఒప్పు.

… కండ విడిపోయిందా?

… పొట్ట మధ్యలో, నిలువుగా. దాని మీద అస్తమానం బిగిస్తే బరువంతా కిందికి తోస్తుంది. ఆ లేవడం కూడా ఇప్పుడొద్దంది. ఊ. అంటే నిన్ను పాడు చేసింది నేనన్నమాట.

… అనలేదులే. నాకు వినపడింది.

… సందు ఉందని ఆవిడకెలా తెలిసింది, మిషను పెట్టిందా?

… వేళ్లతోనా. వేళ్లతో వెతికితే ఎవరికైనా దొరుకుతుంది. నాక్కూడా ఉందంటుంది. గిరాకీ కావద్దూ ఆవిడకి.

… నేను చూసుకోవాలా? ఇప్పుడా?

… విశ్రాంతి గదిలోనే ఉన్నా, ఎవరూ లేరు. ఉండు, గడియ పెట్టొస్తా. ఆవిడ బండారం ఇప్పుడే బయటపెడతా.

… ఆ, బల్ల మీద పడుకున్నా. మోకాళ్లు మడిచా.

… వేళ్లు బొడ్డు పైన, అడ్డంగా. తల కొంచెం ఎత్తాలి…

…

ఆగు. మళ్లీ చూస్తా.

…

మూడు.

మూడు వేళ్లు దిగాయే. నా టికెట్ల సంచీ జిప్పు విడిపోయినట్టుంది.

… ఏడవట్లేదు. ఒకటి గుర్తు చేసుకుంటున్నా.

మా వాడు పుట్టాక ఆరు వారాలకి ఆస్పత్రికి వెళ్లాను కదా. బిడ్డని తూచారు, కొలిచారు, కార్డు మీద గీతలు గీశారు. నన్ను బాగున్నావా అన్నారు. బాగున్నానన్నా. బల్ల ఎక్కమని ఒక్కరూ అనలేదు. ఇన్నేళ్లూ నేను అనుమానించింది దేన్నే? మంచినీళ్లని.

… ఇంత ఆలస్యంగా మొదలెట్టినా తగ్గుతుందందా?

… కచ్చితంగా అని మాట ఇవ్వలేదా. పోనీలే. ఇచ్చుంటే నమ్మేదాన్ని కాదు.

— ఎవరూ? వస్తున్నానయ్యా, తలుపు విరగ్గొట్టకు. నేనెక్కకుండా బస్సు ఎక్కడికీ పోదు.

… మా డ్రైవరు. విను, నాలుగింటికి పాపని నేను చూడను.

… అలక కాదే. మీ ఆయన్ని పనిలోంచి గంట ముందు రమ్మను, పాపని ఎత్తుకుని బయట కూర్చోమను. కాపలా ఆయనకి అలవాటేగా. లోపల నీ తర్వాత నేను.

… నమ్మకమా? ఇంకా లేదు. నా అనుమానాలన్నీ ఆవిడ మొహం మీదే అడుగుతా. బెల్టు కూడా పట్రా, ఎందుకొద్దందో నాకు చెప్పమంటా.

— ఏమయ్యా డ్రైవరూ, నీ సీసాలో నీళ్లున్నాయా? ఇటివ్వు. ఆ, నాకే. దారిలో ఆపమంటే ఆపాలి, ఎందుకని అడక్కూడదు.

… ఆ, తాగుతున్నా. పెట్టెయ్.