సాకియుసా ఫోనులో పేర్లు

నేను ఇంతకుముందు ఏదీ రాసినదాన్ని కాను. చదువు ఐదో తరగతితో సరి. కానీ ఫిజీలో మా చిన్న దీవిలో, ఆ శుక్రవారం సాయంత్రం ఊరి సావిట్లో జరిగింది ఎవరో ఒకరు రాసిపెట్టకపోతే రేపు సాకియుసాయే దాన్ని ఇంకోలా చెప్పుకుంటాడు. అందుకని రాస్తున్నాను.

లితియా మూలన చాప మీద కూర్చుని, అతను ఎప్పుడు ఆగుతాడా అని చూస్తోంది. భర్త పోయాక ఆమెకు మిగిలినవి నలభై కొబ్బరిచెట్లు. సగం కొమ్ముపురుగు తినేసింది. కొబ్బరిచెట్ల సర్వే ఫోనులో పేరెక్కినవాళ్లకే సోమవారం పడవలో కొత్త మొక్కలొస్తాయి. ఆ ఫోను సర్వే చేసే సాకియుసా చేతిలో ఉంది.

సాకియుసా కావా వేరు నూరి కలిపిన పానీయం చిప్పెడు గుటుక్కున తాగి, ఆచారం ప్రకారం మూడుసార్లు చప్పట్లు కొట్టి అందుకున్నాడు.

"ముందు ఈ ఫోనులో ఉన్నది ఉత్త మ్యాపు. చెట్టు దగ్గర నిలబడితే చుక్క పెడుతుంది, అంతే. ఎవరి చెట్టో మనమే టైపు కొట్టాలి. ఎండలో, చెమట చేతుల్తో! నేనేం చేశానూ? పేర్ల పట్టిక వేరే ఫైలుగా పెట్టి సర్వే ఫారానికి ముడేశా. ఇప్పుడు ఊరు నొక్కితే చాలు, ఆ ఊరి పేర్లే జరజరా కిందికి దిగుతాయి. ఒకటి నొక్కడం, అయిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"బ్యాటరీ అయిపోయింది," అన్నాడు వేరేమో అనే ముసలాయన.

"ఆగు మామా! నలభై పేర్లతో మొదలుపెట్టా. సరదా పుట్టి దీవంతా ఎక్కించా. పక్క దీవులన్నీ ఎక్కించా. పట్నం ఆఫీసు కంప్యూటరు ఆ ఫైలు తెరవబోయి పొగలు కక్కింది, నా ఫోను మాత్రం చేప పొట్టలా చల్లగా ఉంది. పేరు నొక్కితే తాత పేరు, తాతని నొక్కితే ఆయన నాటిన చెట్టు, చెట్టుని నొక్కితే దాని కాయలు..."

"కాయని నొక్కితే?" అన్నాడు వేరేమో.

"నీళ్లొచ్చాయి! అబద్ధమైతే నా నోట్లో మన్ను. ఫోనుని బియ్యం డబ్బాలో పెట్టి ఆరబెట్టుకున్నా. తీసేసరికి ఒక కొమ్ముపురుగు, నా బొటనవేలంత, తెర మీద వాలింది. ఏం చేసిందనుకున్నావు? ఊరు నొక్కింది! పేర్లు దిగాయి. కొమ్ముతో అటూ ఇటూ జరిపి, తినబోయే చెట్టు ఎవరిదో చూసుకుని, ఆ పేరు నొక్కి మరీ ఎగిరిపోయింది. మర్నాడు పురుగులన్నీ నా గుమ్మంలోనే, 'అన్నా, మా ఊరి పేర్లు ఎప్పుడు ఎక్కిస్తావు?' అని."

సావిడంతా ఘొల్లుమంది.

"నా పట్టికలో లేని మనిషి లేడు. ఉన్నవాళ్లు, పోయినవాళ్లు, పుట్టబోయేవాళ్లు కూడా!"

లితియా పదిమందిలో మాట్లాడే మనిషి కాదు. సాకియుసా వరసకి బావ గనక ఎలాగో నోరు పెగిలింది.

"బావా, పుట్టబోయేవాళ్ల సంగతి సరే. పుట్టి యాభై ఏళ్లయింది, నన్ను చూపించు."

"అదెంత పని మరదలా!"

ఊరు నొక్కాడు. కిందికి జరిపాడు. పైకి జరిపాడు. మళ్లీ కిందికి.

"తెర మీద వెలుగు పడి..."

"మా పుట్టింటి ఊరు నొక్కు బావా."

నొక్కాడు. అక్కడుంది లితియా. సముద్రానికి అవతల, ఆమెకు ఒక్క చెట్టూ లేని ఊళ్లో.

అప్పుడర్థమైంది అందరికీ. సాకియుసా పట్టిక తయారుచేసిందేమీ లేదు. ప్రభుత్వం దగ్గరుండే వంశాల పుస్తకాన్ని ఉన్నదున్నట్టు దింపి ముడేశాడు. అందులో ఆడది ఏ ఊరికి కాపురానికి వెళ్లినా పుట్టిన వంశం కిందే ఉంటుంది. ఈ ఊరికి కోడళ్లుగా వచ్చినవాళ్లలో ఒక్కరి పేరూ ఫోనులో ఈ ఊరి కింద లేదు.

"పురుగుకి కావలసిన పేర్లన్నీ దొరికాయి," అన్నాడు వేరేమో. "నీ పెళ్లాం పేరు నీకు దొరుకుతుందేమో చూడరా."

గుమ్మం దగ్గర టీ పోస్తున్న సాకియుసా భార్య కెటిల్ కింద పెట్టింది. సాకియుసా ఫోను జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు తెల్లారుతూనే లితియా ఇల్లిల్లూ తిరిగి కోడళ్లందరినీ పోగేసుకుని సాకియుసా ఇంటికి వెళ్లింది. అతను ఒక్కొక్క పేరూ పట్టికలో చేరుస్తుంటే పక్కనే కూర్చుని, ప్రతిసారీ ఊరు తనే నొక్కి, ఆ పేరు కిందికి దిగాకే తర్వాతి మనిషిని పిలిచింది.