పునీతుడికి అడ్డంగా మరుగుదొడ్డి

ఆల్ప్స్ కొండల్లో మంచు కరిగిన వారం, ముసలాయన టోపీ తీయకుండానే ఊరి ప్రెసిడెంటు గదిలోకి వచ్చాడు.

"చర్చి గోడకి అడ్డంగా ఆ మరుగుదొడ్డి ఎవడు కట్టమన్నాడు?"

"ఊరు చూడ్డానికి వచ్చేవాళ్లకి కావాలి కదా, పెద్దయ్యా."

"ఆరొందల ఏళ్లనాడు ఆ గోడమీద పునీత క్రిస్టఫర్‌ని అంత పెద్దగా ఎందుకు వేశారు? పొద్దున్నే ఆయన్ని చూస్తే ఆ రోజు చావు రాదని. మంచం పట్టిన మా ముసల్ది మెంగియా ఇంటి కిటికీలోంచి రోజూ ఆయన్నే చూసేది. ఇప్పుడేమో రేకుల కప్పూ, ప్యాంట్లు సర్దుకుంటూ వచ్చే జనమూ! ఛీ!"

"అదంతా చాదస్తం."

"నీకు. మెంగియా మాత్రం, తెరిస్తే ఆయన కనబడడన్న భయంతో మూడు రోజులుగా కళ్లే తెరవట్లేదు."

"కట్టింది పడగొట్టమంటారా?"

ముసలాయన ప్రెసిడెంటు కిటికీలోంచి తొంగి చూశాడు. ఎదురుగా చర్చి గోడమీది బొమ్మలో, మోకాళ్లలోతు ఏటి నీళ్లలో నిలబడి పునీతుడు నిండుగా కనిపించాడు.

"అక్కర్లేదు. నీ బల్ల అవతలికి జరుపు. మంచం నీ మెట్లదాకా మోయించుకొచ్చాను, మెంగియా కూడా అందులోనే ఉంది."