వదిలేస్తే ఊరుకుంటుందా?

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిది జూలై మూడవ తేదీ, సోమవారం నాడు మా ద్రవ ప్రవాహ విభాగంలో జూనియర్ శాస్త్రవేత్తగా చేరిన మా పెద్దాయన, ముప్పై ఆరేళ్ళ అవిశ్రాంత సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు.

వారి పరిశోధనా విషయం పాలిమర్ ద్రావణాలు, అంటే పొడవైన అణువుల గొలుసులు కరిగి ఉన్న జిగురు ద్రవాలు. ఒక్కొక్క గొలుసు వెంటా పడకుండా, ద్రవమంతటినీ ఒకే అవిచ్ఛిన్న పదార్థంగా భావించి, ఉష్ణగతిక సూత్రాలకు లోబడి దాని నడకను సమీకరణాలలో నిలపడం వారి సాధన. తొలి దశాబ్దం నేలమాళిగలో గాజు గొట్టాల నడుమ కొలతలతో గడిచింది. రెండువేల ఒకటిలో వెలువడిన వారి గణిత నమూనాను రంగుల కర్మాగారాలు సైతం స్వీకరించాయి. "ఇంట్లో షాంపూ సీసా బోర్లించి అది జారడం చూస్తూ కూర్చుంటారమ్మా, ఈలోగా స్నానానికి తోడిన నీళ్ళు చల్లారిపోతాయి" అని వారి శ్రీమతిగారు నాతో మొరపెట్టుకున్నారు.

ఎవరు ఏ సమీకరణం చూపినా వారిది ఒకటే ప్రశ్న: "కదిలించి వదిలేస్తే ఇది ఊరుకుంటుందా?" కదిలిన ద్రవం తన శక్తిని వేడిగా పోగొట్టుకుని నిమ్మళించాలి, తనంతట తానే పరుగెత్తే సమీకరణం అబద్ధమని వారి భావం. అందుకే చాటున వారికి 'ఊరుకుంటుందా గారు' అని పేరు పెట్టుకున్నాం.

రెండువేల పన్నెండులో, నా ఉద్యోగం ఇంకా ఖాయం కాని రోజుల్లో, వారి నమూనానే ఆ ప్రశ్న అడిగాను. చిక్కటి ద్రావణాన్ని త్వరత్వరగా వేడిచేస్తే అది ఊరుకోవడం లేదు. లేని శక్తిని పుట్టిస్తోంది. నన్ను ఖాయం చేసే కాగితంపై సంతకం వారిదే. లెక్కను మూడు వారాలు సొరుగులో దాచాను. చివరికి మా ప్రయోగశాలకు గాజు గొట్టాలు ఊదిపెట్టే, మేమంతా బాబాయి అని పిలిచే పెద్దమనిషి, "ఏంటమ్మా, మొహం వేలాడేసుకుని తిరుగుతున్నావు? వెళ్ళి చెప్పు, ఆయనేం కొరుక్కు తినరు" అని నన్ను వారి గదిదాకా సాగనంపాడు.

ఉదయం పది నుంచి భోజనాల వేళ దాకా వారు నా లెక్కను వరుస వరుసా సరిచూశారు. కళ్ళద్దాలు తీసి, "నిజమే, ఊరుకోవట్లేదు. ఇది ఎప్పుడు తెలిసింది నీకు?" అన్నారు.

"మూడు వారాలైంది సార్. భయమేసి చెప్పలేదు."

"అయితే ఆ తప్పు కూడా నాదే."

మరుసటి వారం నిండు సభలో, "తప్పు నాది, పట్టుకున్నది ఈ అమ్మాయి" అని ప్రకటించారు, తర్వాత వెలువడిన సవరణ పత్రంలో నా పేరు ముందు వేయించారు. నమూనా సమీకరణంలో లోపించిన పదాన్ని, అంటే అందులో కలపాల్సిన రాశిని, వెతకడానికి మా ఇద్దరికీ రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళలో నేను నేర్చుకున్నంత మరెన్నడూ నేర్చుకోలేదు.

మొన్న, కొత్తగా చేరిన సహోద్యోగిని నా సమీకరణంలో తప్పు పట్టుకుని, లెక్క ముగిసిన మరుక్షణమే నా గదికి వచ్చింది. చెప్పడానికి భయమేయలేదా అని అడిగాను. "భయమెందుకు మేడమ్?" అని నావైపు వింతగా చూసింది. ఆ మాట పెద్దాయనకు చెబితే చాలాసేపు నవ్వారు, తర్వాత కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

వదిలేస్తే ఊరుకునే మనిషి కారని మాకు తెలుసు. సతీసమేతంగా, ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్ళు వర్ధిల్లుతూ, మా తప్పులు వినడానికి అప్పుడప్పుడూ ఈ గదులకు విచ్చేయాలని మనసారా కోరుకుంటున్నాను. ఆ తప్పులను ఇకమీదట మూడు వారాలు దాచబోమని మాట ఇస్తున్నాను.