బీ లియన్ కుర్చీ

ఆ కుర్చీ మీది టిష్యూ ప్యాకెట్టు తియ్యకమ్మా, అక్కడే ఉండనీ. మా ముసలాళ్ల కసరత్తుకి కొత్త టీచరువి, నీకు తెలీదు. ఆ, ఎవరో సీటు ఆపుకున్నారనే అనుకో. మన సింగపూరులో టిష్యూ పెట్టిన కుర్చీలో మంత్రిగారైనా కూర్చోరు కదా. అది బీ లియన్ కుర్చీ. ఆవిడ పోయి ఆరేళ్లయింది.

మనిషి ఇంత పొట్టి, గొంతు మాత్రం ఈ బ్లాకు పన్నెండంతస్తులూ వినబడేది. కసరత్తుకి లెక్క ఆవిడే పెట్టేది. చేతులు గుండెల మీద పెట్టుకుని కుర్చీలోంచి పదిసార్లు లేవాలి చూడు, నేను నాలుక్కే ఆయాసపడితే, "ఏం హాక్ సెంగ్, కుర్చీకి జిగురు రాసుకొచ్చావా" అనేది. అప్పట్లో డంబెల్సా పాడా, సోయా సాసు సీసాల్లో ఇసక పోసుకుని ఎత్తేవాళ్లం. ఓసారి నా సీసా పగిలి... సరే, అది వదిలెయ్. ఆవిడ పంజరంలో పిట్టకి గింజలేసి గానీ దిగేది కాదు, రోజూ ఆలస్యమే. అందుకని నా పక్క కుర్చీ మీద నేనే ప్యాకెట్టు పెట్టి ఆపేవాణ్ణి. ఎవరి కుర్చీ ఖాళీగా ఉంటే వాళ్లింటికెళ్లి తలుపు కొట్టాలని అప్పుడూ రూలే. ఒంటరి ముసలాళ్లం మరి.

ఆ సోమవారం పెట్టాను, రాలేదు. అప్పటి టీచరమ్మ ప్యాకెట్టు చూసి, బాత్రూముకి వెళ్లుంటుందిలే అని వచ్చినట్టు రాసేసుకుంది. మంగళవారమూ అంతే. నాకేమీ అనిపించలేదా అంటే, అనిపించింది. కూతురింటికెళ్లిందేమో అని సరిపెట్టుకున్నా. బుధవారం నా జేబులో ప్యాకెట్టు లేదు. కుర్చీ ఖాళీగా కనబడింది. అప్పుడు పరిగెత్తాం. వంటింట్లో నేల మీద పడి ఉంది. ముందురోజు సాయంత్రం దాకా ప్రాణం ఉందన్నాడు డాక్టరు. పక్కింటి రోస్నా ఏడుస్తూ ఏం చెప్పిందో తెలుసా? "రెండ్రోజులూ గోడవతల లెక్క వినబడింది అంకుల్. ఒకటి, రెండు... ఎనిమిది దాకా వచ్చి మళ్లీ ఒకటి. కసరత్తు చేసుకుంటోందనుకున్నా." లేవడానికమ్మా. నేల మీంచి లేవడానికి పెట్టుకుంది ఆ లెక్క. నీవల్లే పోయిందని ఎవరూ అనలేదు నన్ను. నేనే అనుకుంటుంటా.

అప్పట్నించీ నేను టిష్యూ ప్యాకెట్టు ముట్టుకోలేదు, జలుబు చేసినా చేతిరుమాలే. అయినా రోజూ పొద్దున్నే ఆ కుర్చీ మీద ఒకటుంటుంది. అందర్నీ అడిగాను, మేం పెట్టలేదంటారు. ఆరేళ్లూ ఒకటే. ఇవాళ, అదిగో, ఆ పక్కన నా కుర్చీ మీద కూడా చూడు. నేనిప్పుడేగా కిందికి దిగింది, నాకెవరు ఆపినట్టు?

ఊఁ, అందరూ వచ్చేశారు. లెక్క మొదలుపెట్టమ్మా. ఎనిమిది దగ్గర మాత్రం ఆపకు.