తీసేసిన ‘వద్దు’

పంజాగుట్టలో స్పీచ్ థెరపీ సెంటర్ మెట్ల మీద, నిద్రపోయిన నాలుగేళ్ల ధాత్రిని భుజాన వేసుకుని చంద్రిక ఆగిపోయింది. రెండు మెట్లు కింద చంద్రిక భర్త సురేందర్; ఇంకా మాటలు రాని ధాత్రి కోసం, బొమ్మ నొక్కితే మాట పలికే ట్యాబ్ అతని సంచిలో ఉంది.

“మల్ల అడుగుతున్న. ‘వద్దు’ బొమ్మ ఎందుకు తీసినవ్?”

“చెప్పిన కదా, అప్‌డేట్ల పోయి ఉంటది. నడువు, ఆటో మాట్లాడుత.”

“అన్నీ ఉండి అదొక్కటే పోయిందా? అన్నం ఉంది, నీళ్లున్నయి, ఉయ్యాల ఉంది. వద్దు ఉండే జాగ ఖాళీ. బొమ్మలు మార్చాలంటే పాస్‌వర్డ్ కావాలె. అది నాకు తెలుసు, నీకు తెలుసు. నేను తియ్యలే.”

“జర మెల్లగ మాట్లాడు. పైనుంచి మనుషులు దిగుతున్నరు.”

“దిగనియ్. విననియ్. లోపల థెరపీ చేసే సుమశ్రీ మేడమ్ అడిగితే ఎట్ల కూసున్నవ్ నువ్వు? ‘ఎవరు తీసేశారండీ, పాప దానికోసమే వెతుకుతోంది’ అన్నది. గోడ దిక్కు చూసినవ్.”

“ఏం చెప్పాలె నేను?”

“నేనే తీసిన అని చెప్పాలె. నా బిడ్డ ఆ ఖాళీ జాగలనే వేలు పెట్టి పొడిచి పొడిచి, ఆఖరికి తల టేబుల్‌కు కొట్టుకున్నది. చూసినవా, చూడలేదా?”

“చూసిన.”

“చూసి సుత నోరు తెరవలే. మైత్రీవనం కోచింగ్ సెంటర్ల పొద్దంత పిల్లలకు ఇంటర్వ్యూల ఎట్ల మాట్లాడాలెనో చెప్తవ్ గదా. నీ బిడ్డకున్న ఒక్క మాట గుంజుకున్నవ్.”

“ఒక్క మాట ఏంది, మస్తు ఉన్నయి అండ్ల.”

“అవన్నీ మనకు పనికొచ్చే మాటలు సురేందర్. అన్నమంటే పెడతం, నీళ్లంటే ఇస్తం. వద్దు అనేదే దానిది. అది లేనప్పుడు ఏం చేసేది? కొరికేది. మీ అమ్మ చెయ్యి మీద పండ్లు దిగినయి, యాదికున్నదా? వద్దు వచ్చినంక కొరుకుడు బందయింది.”

“అమ్మకే మంచిగనిపియ్యలే. మొన్న మా అక్క ఎత్తుకోబోతే అందరి ముందర వద్దు, వద్దు అని ట్యాబ్ మొత్తుకున్నది. అక్క మొఖం మాడ్చుకున్నది.”

“ఎత్తుకోవద్దంటే దించాలె. అంతే. అక్క మొఖం కోసం బిడ్డ నోరు మూస్తవా?”

“అట్ల కాదు...”

“గీ మిషను అలవాటైతే మాటలే రావని మీ అమ్మ అంటది. మాటలు వచ్చేదుంటే దీంతోటి ఇంకా సులువుగ వస్తయని మేడమ్ నీ ముందరనే చెప్పింది. తలకాయ ఊపినవ్. ఇంటికి పోయి తీసేసినవ్. మీ అమ్మనే తియ్యమన్నదా?”

“అమ్మను ఇందులకు గుంజకు. ఆమెకు ట్యాబ్ ఆన్ చేసుడే రాదు.”

“మల్ల ఎవరు? మీ అక్కనా?”

“ఎవరు కాదు.”

“ఎవరు కాకపోతే నీకే బరువైందన్నట్టు. బిడ్డ నిన్ను వద్దన్నది, నువ్వు ఓర్వలేకపోయినవ్. అవునా? చెప్పు. ‘నాన్న, వద్దు’ అన్నదా?”

“ఇడిచిపెట్టు చంద్రికా.”

“ఇడువ. నేను నౌకరి ఇడిచింది ఇందుకోసం కాదు. పొద్దంత దాని పక్కల కూసొని బొమ్మ బొమ్మకు వేలు పెట్టిస్తున్న...”

“గదే.”

“ఏంది గదే?”

“వేలు పెట్టిస్తున్నవ్. తింటుంటే బొమ్మలు, ఆడుకుంటుంటే బొమ్మలు. చెయ్యి పట్టి నొక్కిపియ్యొద్దని మేడమ్ చెప్పినా ఇనవు.”

“ఇప్పుడు నామీదికి తిప్పుతున్నవా? నిన్ను ఏమన్నదో చెప్పు.”

“నన్ను కాదు.”

“మల్ల?”

“ఆదివారం. నువ్వు స్నానానికి పోయినవ్. అది ట్యాబ్ తెచ్చి నా ఒళ్లో పెట్టింది. అండ్ల నీ ఫోటో నొక్కింది. ఎమ్మటే వద్దు నొక్కింది. అమ్మ, వద్దు. ఊకె నొక్కిందనుకున్న, నవ్విన. మల్ల నొక్కింది. అమ్మ, వద్దు. బాత్రూం తలుపు దిక్కు చూసుకుంట.”

“నన్ను వద్దన్నదా?”

“నువ్వు వచ్చినంక నీ ముందర అంటదేమోనని భయమైంది. దానికోసం అన్నీ ఇడిచినదానివి. ఎట్ల తట్టుకుంటవ్? అందుకే తీసిన. నన్ను తిట్టు, ఏం ఫికర్ లేదు.”

“రెండూ అదే నొక్కిందా? నువ్వు చెయ్యి పట్టలే గదా?”

“ముట్టుకోలే.”

“ఒకదాని ఎంబడి ఒకటి? అమ్మ, వద్దు?”

“ఏడుస్తున్నవా?”

“ఇంతదాక అది రెండు మాటలు కలపలే సురేందర్. నా బిడ్డ సొంతంగ చెప్పిన మొదటి ముచ్చట, నాకు తెల్వకుండ చెరిపేసినవ్. సంచి తెరువు. ఇక్కడనే, ఈ మెట్ల మీదనే ఆ బొమ్మ పెట్టు మల్ల. లేసినంక మొదలు నన్నే వద్దననియ్.”